గృహస్థుల పశ్చాత్తాపమును గూర్చిన అపసిద్ధాంతము

స్వంత యిల్లు కట్టుకొని రెండుమూడేండ్లు గడచిన గృహస్థుని ఎవరినైనను "మళ్ళీ కడితే ఏం మారుస్తారండీ?" అని అడిగినచో, ఆయన నోట మొట్టమొదట వెలువడునది కట్టకుండ విడిచిన వసతుల పట్టిక. మేడమీది గదికి కూడ స్నానపుగది జతచేయవలసినదనియు, వంటయింటికి మాడ్యులర్ అరలు అప్పుడే బిగింపించవలసినదనియు, హాలునకు ఫాల్స్ సీలింగు, పిల్లల గదికి వార్డ్‌రోబులు, డాబామీద ఒక పెంట్‌హౌసు, ప్రతి గోడకును మరి రెండు ప్లగ్గు పాయింట్లు ఉండవలసినవనియు ఆయన ఏకరువు పెట్టును. వినువాడు ఇల్లు కట్టబోవువాడైనచో ఆ పట్టికను భద్రముగ వ్రాసికొని తన ప్లానులో చేర్చుకొనును. గృహాలంకరణమును గూర్చి పత్రికలలో వ్రాయువారును, సామగ్రి అమ్ము వర్తకులును, గృహప్రవేశమునకు వచ్చిన బంధువులును ఏకకంఠముగ చెప్పుచున్నది ఇదియే: ఇల్లు జీవితములో ఒక్కసారి కట్టునది, కావున కట్టునాడే సమస్తమును అమర్చుకొనవలెను, ఆనాడు మానుకొన్న ప్రతిదానికిని పిమ్మట పశ్చాత్తాపపడక తప్పదు.

ఈ అభిప్రాయమును ఖండింపబూనినవాడు ముందుగ దానికి న్యాయము చేయవలెను. కాపురమున్న యింటిలో గోడ కొట్టించుట ఎంతటి నరకమో అనుభవించినవారికే తెలియును. దుమ్ము దుప్పట్లలోనికిని అన్నములోనికిని చేరును, వారములో ముగించెదనన్న మేస్త్రి నెల దాటినను కనబడడు. కూలి ధరలు ఏటేట పెరుగుచునే ఉన్నవి. కట్టునాడు బ్యాంకు అప్పు దొరకినంత సులభముగ మరమ్మతునాడు దొరకదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అను సామెత పుట్టిన జాతిలో, ఆ శ్రమను రెండవసారి పడనొల్లని మనుష్యుని తప్పుపట్టుట భావ్యము కాదు. ఈ యుక్తులన్నియు నాకు సమ్మతములే.

అయినను ఈ సిద్ధాంతము తప్పు. గృహస్థుల పశ్చాత్తాపము నిజమే. దానికి వారు చెప్పు కారణము నిజము కాదు. పిమ్మట కొని చేర్చుకొనదగిన వస్తువులు లేకపోవుటవలన ఏ యిల్లును చెడలేదు. పునాదినాడు తప్ప మరెన్నడును చేయవీలుకాని పనులు ఆ వస్తువుల సందడిలో మరుగుపడిపోవుటవలననే మన యిండ్లు చెడుచున్నవి. ఈ మాటను ఒక్కొక్క అంశముగ నిరూపించెదను.

1. సాక్ష్యము చెప్పుచున్నవారెవరు?

ఈ పట్టికలు చెప్పువారు ఎక్కువపాలు ఆ యింటిలో రెండుమూడు వర్షకాలములు మాత్రమే చూచినవారు. ఆ స్వల్పకాలములో ఇంటికున్న రోగమేదియు బయటపడదు. స్లాబులోని కడ్డీ త్రుప్పెక్కి సిమెంటును చీల్చుటకు పదిపదునైదేండ్లు కావలెను. వీధి మట్టము గడప మట్టమును మించుటకు రోడ్డు రెండుమూడుమార్లు పడవలెను. యజమాని మోకాళ్ళు మేడమెట్లను నిరాకరించుటకు ఇరువదియేండ్లు పట్టును. ఇవి యేవియు ఇంకను సంప్రాప్తింపనివాడు తన యింటికి కొరత వెదకవలసివచ్చినప్పుడు ప్రక్కయింటివైపు చూచును. ప్రక్కయింటిలో కనబడునది పునాది కాదు, పైపూత. కావున ఆయన చెప్పునది తన యింటి అనుభవము కాదు; ఎదుటివాని యింటిలో చూచివచ్చిన ప్రదర్శనము.

ఈ సాక్ష్యమునందు ఇంకొక లోపము కలదు, అది మరింత పెద్దది. లేనిదానిని గూర్చి విచారించుట సులభము, అందు మర్యాదకు భంగము లేదు. ఉన్నది వృథాయైనదని ఒప్పుకొనుట కష్టము. లక్షలు పోసి అమర్చిన హోమ్ థియేటరు గదిలో నేడు బియ్యపు బస్తాలును పాత పరుపులును ఉన్నవని ఎవ్వరును చెప్పరు. విదేశీ రీతిని పెట్టించిన స్నానపుతొట్టిలో బట్టలు నానవేయుచున్నారనియు, అతిథులకని మేడమీద కట్టిన గది సంక్రాంతికి తప్ప తెరువబడుట లేదనియు, వంటయింటికి ప్రక్కగ మరల ఒక "వర్క్ ఏరియా" కట్టి అసలు వంట అచ్చటనే సాగుచున్నదనియు ఏ పట్టికయందును వ్రాయబడదు. ఒక్క పక్షమువారి వాఙ్మూలము మాత్రమే విని తీర్పు చెప్పుట ఏ న్యాయస్థానమునందును చెల్లదు. ఆజన్మాంతము అప్పు తీర్చవలసిన విషయమున మాత్రము అట్టి తీర్పును మనము శిరసావహించుచున్నాము.

2. "తరువాత కుదరదు" అను వాదము

ఈ సిద్ధాంతమునకు వెన్నెముక ఇదియే. తరువాత చేర్చుట దుస్సాధ్యమట, కానిచో మిక్కిలి ఖరీదట. కొన్నిటి విషయమున ఇది పరమసత్యము. కొన్నిటి విషయమున సంపూర్ణముగ అసత్యము. ఈ రెండు తెగలను కలగాపులగము చేయుటయే ఇచ్చటి తర్కదోషము.

పట్టికను ఎదుట పెట్టుకొని చూడుడు. వంటయింటి అరలు వడ్రంగులు వచ్చి కొలది దినములలో బిగించిపోవునవి. ఫాల్స్ సీలింగు స్లాబు అడుగున చట్రము వ్రేలాడదీసి జిప్సమ్ పలకలు తాపుట. దానికై ఒక్క యిటుకయైనను కదల్చనక్కరలేదు. వార్డ్‌రోబులు, అలంకారపు దీపములు, ఏసీలు, సీసీ కెమెరాలు, డాబామీది సౌరఫలకములు, రంగులు—ఇవి యన్నియు ఇల్లు పూర్తియైన పదియేండ్లకైనను, ఇరువదియేండ్లకైనను, అప్పటికి వచ్చిన మేలైన రకమును ఎన్నుకొని పెట్టించుకొనదగినవి. ప్లగ్గు పాయింట్ల విషయమున మాత్రము వాదమునకు కొంత బలమున్నది. పూత పూసిన గోడను కోయుట మంచిపని కాదు. కాని దానికి మందు గోడగోడకును ప్లగ్గులు పెట్టుట కాదు. గోడలలోను స్లాబులోను అక్కడక్కడ ఖాళీ పీవీసీ పైపులు వేయించి, వానిలో ఒక సన్నని తీగను మాత్రము ఉంచి, చివరలు మూయించినచో చాలును. ఆ పైపులకగు వ్యయము స్వల్పము. రేపు ఏ యంత్రము వచ్చినను దాని తీగ ఆ త్రోవను పోవును.

ఇక రెండవ తెగను చూడుడు. ఇంటి మట్టము, ఏ గోడ ఏ దిక్కునకుండవలెనను నిర్ణయము, పునాది మోయగల బరువు, మెట్ల వాలు, మురుగుగొట్టములు దిగు త్రోవ, డాబా వాలు, కిటికీకి ఎదుట మిగిలిన ఆకాశము—ఇవి కట్టునాడు కాక మరునాడు కుదరవు. విచిత్రమేమనగా ఇంతటివి గృహస్థుల పట్టికలలో దాదాపు కానరావు.

ఇంటి మట్టమునే తీసికొందము. మన పట్టణములలో సిమెంటు రోడ్డు వేయునప్పుడు పాతదానిని త్రవ్వి తీయువారు అరుదు. దానిమీదనే క్రొత్తపొర పోయుదురు. ఒక్కొక్క పర్యాయము వీధి కొన్ని అంగుళములు లేచును. ఒకనాడు మూడుమెట్లెక్కి ప్రవేశించిన ఇంటిలోనికి ఇరువది ముప్పదియేండ్లకు ఒక మెట్టు దిగి ప్రవేశింపవలసివచ్చును. ఆ పిమ్మట ప్రతి వానయు వసారాలోనికి అతిథి. 2020 అక్టోబరులో హైదరాబాదున చెరువుల దిగువ కాలనీలు మునిగినప్పుడును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము దినముల తరబడి నీటిలో నిలిచినప్పుడును, ఆ యిండ్లలో ఫాల్స్ సీలింగు లేదని ఎవ్వరును దుఃఖింపలేదు. ఇప్పుడు ఇండ్లక్రింద వరుసగ జాకీలు పెట్టి, పునాదిమీది గోడను కోసి, దినమునకు కొన్ని అంగుళముల చొప్పున ఇంటినంతను పైకిలేపు పనివారు మన యూళ్ళలో తిరుగుచున్నారు. లక్షలు వెచ్చించి, ప్రాణములరచేత పెట్టుకొని అట్లు లేపించుకొన్నవారిని చూచినప్పుడు, కట్టునాడు మరి రెండడుగుల మట్టికిని రాతికిని వెనుదీసి ఆ సొమ్మును ఎలివేషనునకు పెట్టినవారి నిర్ణయము ఎంత దారుణమో బోధపడును.

3. అప్పు లెక్క

పనిలో పనిగ ఇప్పుడే చేయించిన చౌక అని చెప్పువారు వడ్డీని లెక్కింపరు. 9 శాతము వడ్డీకి 20 ఏండ్ల గడువుతో తెచ్చిన 10 లక్షల రూపాయలకు నెలసరి వాయిదా ఇంచుమించు 9,000 రూపాయలు; గడువు తీరునాటికి చెల్లించిన మొత్తము 21 లక్షల 60 వేలకు కొంచెము తక్కువ. పది లక్షల హంగులు ఈ విధముగ ఇరువదియొక్క లక్షల హంగులగును. అంతేకాదు. చెక్కపొడి పలకలతో చేసిన వంటయింటి అరలు సింకు క్రింది చెమ్మకు ఉబ్బి, కీళ్ళూడి, పదిపండ్రెండేండ్లకు మార్పునకు వచ్చును. వాని వాయిదాలు మాత్రము మరి ఎనిమిదేండ్లు నడుచుచునే యుండును. పారవేసిన వస్తువునకు వాయిదా కట్టుట ఏ గృహస్థునకైనను లాభమెట్లగును?

తక్కువ కట్టి బాగుగ కట్టుట లోభము కాదు. కేరళమున దశాబ్దముల తరబడి ఇండ్లు కట్టిన లారీ బేకర్ (1917–2007) ఇటుకలను నిలువుగ పేర్చి నడుమ బోలు విడుచు "ర్యాట్ ట్రాప్" కట్టుబడితో ఇటుకలలో ఇంచుమించు నాలుగవవంతు ఆదాచేసి, ఆ బోలువలననే గోడకు వేడి నాపు గుణము కూడ కల్పించెను. అక్కడ ఆదా అయిన సొమ్ము ఇంటి గుణముగ మారినది. మన పట్టికలలో సొమ్ము పైపూతగ మారుచున్నది.

4. కాలము మార్చివేయు వసతులు

1990 ప్రాంతమున కట్టిన ఇండ్లలో హాలు గోడకు నడుమ లోతైన ఒక గూడు కనబడును. దానికి ఇరుప్రక్కల అద్దపు షోకేసులు, క్రింద వీసీఆర్‌కు ఒక అర. ఆనాటి పెట్టెవంటి టీవీ పట్టుటకై కొలిచి కట్టిన గూడది. గోడలోనే కట్టుటవలన తీయుటకు వీలులేదు, అరువదియంగుళముల పలుచని టీవీ అందు పట్టదు. ఆ గూటిలో నేడు ప్లాస్టిక్ పూలున్నవి. ప్రతి గదికిని పెట్టించిన ల్యాండ్‌లైను ఫోను పాయింట్లును, కేబుల్ టీవీ పాయింట్లును అట్లే మూగవోయినవి. ఆ కాలమున ఇవి లేని గృహస్థుడు నిజముగనే పశ్చాత్తాపపడెను. ఆ పశ్చాత్తాపము ఆయనను ఏ మేలునకును చేర్చలేదు. నేటి పట్టికలోని "స్మార్ట్" స్విచ్చులకు అంతకంటె దీర్ఘాయువు కలదని నమ్ముటకు నాకు ఆధారము కనబడదు.

5. స్థలము ఎక్కడనుండి వచ్చును?

ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. ఈ వాదము చేయువారెవ్వరును దీనిని వేసికొనరు. మన పట్టణములలో మధ్యతరగతి గృహస్థుని స్థలము సామాన్యముగ 200 గజములు, అనగా 1,800 చదరపుటడుగులు. అందరి పశ్చాత్తాపములను కూడి ఒక ప్లాను గీచినచో, మూడు పడకగదులకు మూడు స్నానపుగదులు, వార్డ్‌రోబులకు వేరుగది, పూజగది, స్టోరుగది, ఆఫీసుగది, రెండు కార్ల పార్కింగు, లిఫ్టు—ఇవన్నియు ఆ స్థలములో పట్టవు. పట్టించవలెనన్నచో మిగులు మార్గమొక్కటే: ఇంటి చుట్టును విడువవలసిన జాగాను మ్రింగుట.

ఆ జాగాను విడువుమని నియమము లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2012లో వెలువరించిన 168వ నెంబరు జీవో స్థలపు విస్తీర్ణమును బట్టి, భవనపు ఎత్తును బట్టి ఏ ప్రక్క ఎంత విడువవలెనో నిర్దేశించినది. నియమములను మీరి కట్టినవానిని జరిమానాతో క్రమబద్ధము చేయు పథకములు 2007లోను, మరల 2015లోను వచ్చినవి. జరిమానా కట్టిన కాగితము చేతికి వచ్చును కాని, మూసిన సందులోనికి గాలి రాదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఉక్కపోత సీమలలో గది నేలలో ఆరవవంతును, పొడిగ వేడెక్కు సీమలలో పదియవవంతును కిటికీలకు కేటాయింపుమని చెప్పుచున్నది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి కోస్తాలో 20 చదరపుటడుగుల కిటికీ కావలెనన్నమాట. ఆ కిటికీ తెరచినంతనే రెండడుగుల దూరమున ప్రక్కయింటి స్నానపుగది వెంటిలేటరు ఎదురైనచో, ఆ కొలత సార్థకమగునా? పగలు దీపము వెలిగించుకొని బ్రతుకు గదులు మన నగరములలో ఎన్ని లేవు?

ఎండ విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. హైదరాబాదు ఇంచుమించు పదునేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. మే మధ్యనుండి జూలై నెలాఖరువరకు మధ్యాహ్నసూర్యుడు అచ్చట నడినెత్తినుండి ఉత్తరమునకే ఒరిగియుండును గాన, దక్షిణపు గోడకు ఆ యెండాకాలపు చివరి వారములలో నడిమధ్యాహ్నమున నేరుగ ఎండ తగులదు. శీతకాలమున తగులు ఎండకు రెండడుగుల సన్‌షేడ్ చాలును. పడమటి గోడ కథ వేరు. మే నెల నడుమ సాయంకాలము అయిదు గంటలకు సూర్యుడు ఆకాశమున ఇరువదిరెండు డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. అప్పుడు కిటికీపైనున్న రెండడుగుల సన్‌షేడ్ ఒక్క అడుగు నీడయైనను ఈయజాలదు. ఆ గోడ రాత్రి పదివరకు పొయ్యివలె వేడిని విడుచును. పడకగదిని ఆ గోడకు ఆనించి కట్టినవాడు ఏసీ లేనందుకు పశ్చాత్తాపపడుచున్నాడు; వాస్తవమునకు ఆయన పశ్చాత్తాపపడవలసినది ఆ గదిని అచ్చట పెట్టినందుకు. మెట్లు, స్నానపుగదులు, సామానుగది పడమరకు త్రోసి, ఒక వేపచెట్టునకు ఆరడుగుల నేల విడిచియున్నచో, ఆ యింటి కరెంటు బిల్లు నిండు జీవితకాలము మరొకవిధముగ ఉండెడిది. వాస్తుసిద్ధాంతిని పిలిచి గుమ్మము దిక్కును నెలలకొలది విచారించువారు, అదే దిక్కున ఎండ యెట్లు వచ్చునో ఒక్క సాయంకాలమైనను నిలిచి చూడకుండుట నాకు నేటికిని దుర్గ్రాహ్యముగనే ఉన్నది.

గోదావరి సీమలోని మండువా లోగిళ్ళను మరల కట్టుడని నేను చెప్పను. ఆ స్థలములు నేడు లేవు, ఆ కూటములును లేవు. కాని ఆ యింటి నడుమ ఆకాశమునకు విడిచిన చదరమును చూడుడు. నాలుగువైపుల వసారా చూరులనుండి వాననీరు అందులోనికి దిగును, వేడిగాలి అందుండి పైకిపోవును, ఇంటిలోని ప్రతిగదికిని వెలుగు అందుండియే పంపకమగును. కట్టుటచేత కాదు, కట్టకుండ విడుచుటచేత సిద్ధించిన సౌకర్యమది. రాయలసీమ మిద్దెల కప్పులలో విడిచిన గవాక్షములును అట్టివే.

వాననీటి లెక్కయు ఈ విడిచిన నేలకు చెందినదే. వేయి చదరపుటడుగుల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో ఇంచుమించు 930 లీటర్లు పడును. హైదరాబాదున ఏటి వర్షపాతము 80 సెంటీమీటర్ల దాపున ఉండును గాన, ఆ డాబామీదికి ఏడాదికి 70,000 లీటర్లకు పైగ నీరు ఉచితముగ దిగుచున్నది. అయిదువేల లీటర్ల ట్యాంకరులతో కొలిచినచో పదునాలుగు ట్యాంకరులు. ఇంకుడు గుంత త్రవ్వవలెనని నీరు–భూమి–చెట్ల చట్టము 2002నుండి చెప్పుచునే యున్నది. ప్రహరీనుండి ప్రహరీవరకు గ్రానైటు పలకలు పరచినవాడు ఆ నీటిని వీధికాలువలోనికి తరిమి, మార్చి నెలలో ట్యాంకరునకై ఫోను పట్టుకొని కూర్చుండును. ఆయన పట్టికలో ఇంకుడు గుంత ఉండదు. మరికొంత పెద్ద సంపు ఉండును.

6. కనబడని పని

ఇంటి ఆయువు కంటికి కనబడని మూడునాలుగు పనులలో ఉన్నది. స్లాబు పోయుటకు ముందు ఇనుపచట్రము సెంట్రింగు పలకలమీద పరువబడియుండును. ఆ కడ్డీల క్రింద సిమెంటు బిళ్ళలు—మేస్త్రీలు కవర్ బ్లాకులందురు—పెట్టవలెను. అవి ఉన్నప్పుడే కడ్డీక్రింద కనీసము 20 మిల్లీమీటర్ల కాంక్రీటు నిలుచును. కంకర తట్టలు మోయు కూలీలు ఆ కడ్డీలమీదనే నడచుదురు. బిళ్ళ జారినను విరిగినను కడ్డీ పలకను తాకును. పోత ముగిసిన పిమ్మట ఆ తప్పు ఎవ్వరికిని కనబడదు. పదిపదునైదేండ్లకు చెమ్మ ఆ కడ్డీని చేరును. త్రుప్పు తానున్న ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటాక్రమించును గాన, అది కాంక్రీటును లోపలినుండి చీల్చి పెచ్చులుగ రాల్చును. అప్పుడు మంచముమీద పడు పెచ్చును చూచి యజమాని సిమెంటు కంపెనీని నిందించును. బిళ్ళల ఖరీదు ఎంతయని అడుగుడు. హాలులో వ్రేలాడు ఒక్క దీపగుచ్ఛపు ఖరీదులో అల్పభాగము.

పోత పిమ్మట తడిపే పని. స్లాబుమీద మట్టికట్టలతో చిన్నచిన్న మళ్ళు కట్టి నీరు నిలుపుట మన తాపీవారెరిగిన పద్ధతియే. ఐఎస్ 456 అను ప్రమాణము (2000) సామాన్య సిమెంటునకు 7 దినములు, ఎండయు వడగాలియు గలచోట 10 దినములు తడిపియుంచవలెనని చెప్పి, నేడు మనము విరివిగ వాడు పీపీసీ వంటి మిశ్రమ సిమెంటులకు దానిని 14 దినములవరకు పొడిగింపుమని సూచించుచున్నది. మే నెలలో స్లాబు పోసి, నాలుగవనాడే మళ్ళెండిపోయినను అడుగువాడు లేని ఇండ్లెన్ని! ఆ సమయమున యజమాని టైల్సు దుకాణములో రంగులు ఎన్నుచుండును.

మేడమీది స్నానపుగదులు ప్రత్యేకముగ చెప్పదగినవి, ఏలనన పట్టికలన్నిటియందును "మరొక స్నానపుగది" అగ్రస్థానమున ఉన్నది. సామాన్యముగ దానికై స్లాబును అడుగు లోతు దించి, గొట్టములు పరచి, ఇటుకముక్కలతో పూడ్చి, పైన టైల్సు వేయుదురు. ఆ పూడ్చినదానిలో ఒక్క అతుకు వదలినచో నీరు లోననే చేరి, క్రిందిగది కప్పున పటముగీచినట్లు పసుపుమరక దిగును. అతుకెచ్చటనో తెలియదు, తెలియవలెనన్నచో నేలనంతను పగులగొట్టవలెను. గొట్టములన్నియు వెలిగోడనంటి మనిషి దూరదగిన డక్టులో దిగునట్లు పెట్టి, పూడ్చకముందు దించిన గుంటను నీటితో నింపి రెండుదినములుంచి క్రింద చెమ్మ పుట్టునేమో చూచినచో ఈ బాధ ఉండదు. రెండు స్నానపుగదులు ఇట్లు కట్టుకొన్నవాడు సుఖించును. నాలుగు పైవిధముగ కట్టుకొన్నవాడు నాలుగు రోగములను కొనితెచ్చుకొనును. స్నానపుగదుల సంఖ్యను మాత్రమే లెక్కించు సిద్ధాంతమునకు ఈ భేదము పట్టదు.

7. ముదిమి

ఇల్లు కట్టునాటికి యజమానికి సామాన్యముగ నలుబదియేండ్లు. ప్లానులోని ప్రతి గీతయు ఆ వయస్సువానికై గీయబడును. 2011 జనాభా లెక్కలలోనే మన దేశమున అరువది దాటినవారు 10 కోట్లకు పైగ ఉన్నారు. పిల్లలు బెంగుళూరునకో డల్లాస్‌కో పోగా మేడయింటిలో ఇద్దరే మిగిలిన దంపతులు మన ప్రతి వీధిలోను కలరు. వారికి హోమ్ థియేటరు అక్కరలేదు. క్రిందనే ఒక పడకగది, దానికి ఆనుకొని గడప లేని స్నానపుగది, చక్రాలకుర్చీ దూరుటకు మూడడుగుల తలుపు, తడికి జారని నేల, చేతికి ఆసరాగ గోడకు ఒక కడ్డీ కావలెను. కడ్డీని రేపు బిగింపవచ్చును. రెండున్నర అడుగుల తలుపును మూడడుగులు చేయుట గోడపని, క్రింద లేని గదిని పుట్టించుట అసాధ్యము. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించరాదనియు, పాదము మోపు వెడల్పు 25కు తగ్గరాదనియు భవన స్మృతి చెప్పుచుండగా, చోటు కలిసివచ్చునని నిట్రముగ కట్టిన మెట్లమీద, రాత్రివేళ కాలు తప్పిన ముదుసలి తుంటియెముకకు ఎవరు బాధ్యులు? ఈ విషయమున నాకు సహనము లేదు. తలిదండ్రులను మేడ యెక్కించి, క్రింద కార్లకును అద్దెకును చోటిచ్చు ప్లానును గీచిన చేతిని, గీయించుకొన్న చేతిని కూడ నేను క్షమింపజాలను.

8. ఒక ప్రత్యాక్షేపణ

"ఇవన్నియు ఇంజనీరు చూచుకొనవలసినవి, మాకేమి తెలియును?" అని గృహస్థుడు అనవచ్చును. టైల్సు రంగు తెలిసినవానికి కవర్ బిళ్ళ తెలియకపోదు. అడుగు అలవాటు లేదు, అంతియే. ఇంజనీరునకిచ్చు రుసుమును దండుగగ భావించి, మేస్త్రి గీచిన గీతకు మునిసిపాలిటీ ముద్ర వేయించుకొనువారే మనలో అధికులు. పట్టికలోని ఒక్క వస్తువును మానినచో ఆ రుసుము వచ్చును.

కావున శంకుస్థాపనకు ముందు పట్టికను తీసి, పిమ్మట కొనదగిన ప్రతిదానిమీదను అడ్డగీత గీయుడు. మిగిలిన సొమ్మును మట్టము పెంచుటకును, గొట్టముల డక్టునకును, క్రింది గదికిని, విడువవలసిన నేలకును, తడిపించు కూలికిని కేటాయింపుడు. గోడలకు పూత పూయకముందు ప్రతి గోడకును, స్లాబు పోయకముందు ప్రతి గదికప్పునకును కొలబద్ద ప్రక్కనుంచి ఫోటోలు తీసి, ఏ గొట్టమెచ్చట, ఏ తీగయెచ్చట ఉన్నదో ఇంటి దస్తావేజులతో కూడ భద్రపరచుడు. రేపు మేడ వేయు తలంపున్నచో, నేడు ఒక్క అంతస్తే కట్టినను పునాదిని రెండింటికి సరిపడ లెక్కకట్టింపుడు, ఏలనన ఇంటి బరువు మోయుచున్న పునాదిని పిమ్మట వెడల్పు చేయుట సామాన్యుని వల్ల కాదు. అట్లు పై అంతస్తునకై డాబామీద విడిచిన స్తంభముల కడ్డీలను మాత్రము, మన ఊళ్ళలో చూచునట్లు ఏండ్లకొలది వానకు నగ్నముగ వదలక, సిమెంటుపాలు పూసి పలుచని కాంక్రీటులో పొదిగియుంచవలెను. మేడ వేయునాడు ఆ కాంక్రీటు తొడుగును పగులగొట్టినచో లోపలి కడ్డీ పెట్టిననాటి కడ్డీవలెనే ఉండును.